మామ ఏరిన నీలం

మా మామ పోయాడని ధర్మవరంలో అందరికీ నేనే ఫోన్లు చేశాను. మా అమ్మకు తమ్ముడు. బతుకంతా పట్టునూలుకు రంగులు అద్దినవాడు, హిందూపురంలో మా ఇంట్లో కన్నుమూశాడు.

మగ్గంవాళ్లు తెచ్చిన నమూనా దారాన్ని మణికట్టుకు చుట్టుకుని రంగు తొట్టి దగ్గర నిలబడేవాడు. తడి నూలు కొస పిండి, ఊది ఆరబెట్టి, నీడలోకి తెచ్చి దారం పక్కన పెట్టి చూసేవాడు. "తడి రంగు మాట నమ్మొద్దబ్బా, ఆరినంక అడుగు" అనేవాడు. రెండు నీలాలూ ఒకటే గదా మామా అంటే, "నీ కండ్లు తీసి బీరువాలో పెట్టుకోపో" అని తిట్టేవాడు.

తర్వాత ఒక చీర నూలు రెండు నీలాలుగా దిగింది. మగ్గం మీద జానెడు నేశాక గానీ తెలియలేదు. "బోరునీళ్లు మారినాయి" అన్నాడు మామ. మళ్లీ అదే జరిగింది. మూడోసారికి ఆయన్ని పనికి రావద్దన్నారు. షుగరు కళ్లను తినేస్తోందని ఆయన ఎవరికీ చెప్పలేదు. మేమూ అడగలేదు. ఆ తప్పు మాదే.

అత్త పోయాక మామను మా ఇంటికి తెచ్చుకున్నాం. ఆయన గదికి రంగు వేయాలి. పెయింటరు గోడ మీద రెండు నీలాలు కొంచెం కొంచెం పూసి ఏది కావాలన్నాడు. నాకు తేడా తెలియలేదు. మామ సంతోషిస్తాడని ఆయన్నే పిలిచాను.

ఆరేదాకా ఆగమన్నాడు. ఆరాక ముక్కు గోడకు తగిలేంత వంగి చాలాసేపు చూశాడు.

"ఇదేప్పా. రెండోది ఎర్రకు తిరుగుతాండాది" అని వేలు పెట్టాడు.

ఆ వేలు రెండు నీలాల మధ్య, ఏ రంగూ పూయని తెల్లపుట్టీ మీద ఉంది.

పెయింటరు నోరు తెరవబోతే కళ్లతో ఆపాను. "సరే మామా" అన్నాను. చేతికందిన డబ్బా తెరిపించాను. మరునాడు కంటి డాక్టరు దగ్గరకు తీసుకుపోతే, శానా ఆలస్యం చేసినారన్నాడు. ఇంటికి వచ్చినవాళ్లందరికీ మామ మాత్రం "నీలం నేనే ఏరినా" అని చెప్పుకునేవాడు. పక్కనే నిలబడి అవునవునని తలూపేవాణ్ణి. ఆ అబద్ధానికి నేనేమీ సిగ్గుపడను.

పోయే ముందురోజు సాయంత్రం మంచం మీంచి చెయ్యి చాచి గోడను తడిమాడు.

"అల్లుడా, నిజం చెప్పు. ఇది నీలమేనా?"

"నీలమే మామా."

"యా నీలం?"

నేనూ ముక్కు గోడకు తగిలేంత వంగి చూశాను. నేను చెబుతానని ఆయన చెయ్యి గోడ మీదే ఉంచుకుని ఎదురుచూశాడు.