సైకిల్ దొరకు నేనిచ్చిన సలహాలు

ఆ రోజుల్లో రాష్ట్రం దాటి చూడనివాడికే ప్రపంచం బాగా తెలిసేది. ఇప్పుడంటే పరాయి దేశం పోయేవాళ్ళు ఎక్కడ చెప్పులు విడవాలో, ఎవరికి దండం పెట్టాలో ఫోనులో చూసుకుని విమానం ఎక్కుతున్నారు. అప్పట్లో ఆ భారమంతా నాలాంటి మేధావుల మీద ఉండేది. ఎనభైల చివర్లో నాకు ఇరవై ఒక్క ఏళ్ళు. బీఏ మూడో ప్రయత్నంలో గట్టెక్కింది. హైదరాబాదు నాలుగుసార్లు చూశాను (అందులో రెండుసార్లు దవాఖానకే). అయినా పరదేశంలో సాహసయాత్రికుడు ఎలా మసలుకోవాలో నన్నడిగితే గంటసేపు ఆపకుండా చెప్పేవాణ్ణి. ఎవరూ అడిగేవారు కాదు, అది వేరే సంగతి. నా జ్ఞానానికి మూలం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం కొన్న ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం. అట్ట ఊడిపోయింది. మన దేశానికి వచ్చే తెల్లవాళ్ళకు జాగ్రత్తలు చెప్పే పుస్తకం అది. మనం కుడిచేత్తో తింటామని, తల అడ్డంగా ఊపి ఔనంటామని, కొత్తవాళ్ళను గుడ్లప్పగించి చూస్తామని అందులో చదివి నేను నిజంగా ఆశ్చర్యపోయాను. పుట్టిపెరిగిన దేశం గురించి నాకు ఇంత తక్కువ తెలుసని అప్పటిదాకా నాకు తెలియదు. అందులో పులుల గురించి అర పేజీ ఉంటే, మన మంచినీళ్ళ గురించి తొమ్మిది పేజీలు ఉన్నాయి.

ఆ పుస్తకం బట్టీ పట్టడానికి కారణం ఉంది. నందికొండలో ఒక ప్రైవేటు లాడ్జికి గైడు కావాలన్నారు. డ్యామూ, లాంచీ, కొండా చూపించి నాలుగు ఇంగ్లీషు ముక్కలు మాట్లాడాలి. నేను వెళ్ళి అరగంట మాట్లాడాను. మేనేజరు ఓపికగా విని, "నీ ఇంగ్లీషు నాకైతె మంచిగనే ఉన్నది. తెల్లోళ్ళకు సమజైతదా, గది చెప్పు. ఎవరన్న తెల్లోనితోని ఒక కాయితం రాయించుకొని రా, నౌకరీ నీదే" అన్నాడు. మా నల్లగొండలో తెల్లవాడు దొరకడమంటే మాటలా? రెండు నెలలు రోజూ సాయంత్రం బస్టాండులో కాపు కాశాను. "డ్యూటీ లేదు, టికెట్ లేదు, గా బస్టాండ్ల ఏం పనిరా నీకు?" అని మా నాయిన అడిగితే, విదేశీ వ్యవహారాలు ఆయనకు అర్థం కావని జాలిపడ్డాను. ఆ కాగితం దొరికితే ఉద్యోగం, లేకపోతే మా బాబాయి ఎరువుల దుకాణంలో బస్తాలు మోయడం. నా ముందున్న దారులు ఆ రెండే.

ఎండాకాలం వచ్చింది. ఏటా పోయినట్టే మర్రిగూడ వైపున్న మా అవ్వ ఊరికి పోయాను. మా అమ్మను కన్న అవ్వ. మోకాళ్ళు బయటికి వంగిపోయి, కర్ర పట్టుకుని, ఇంట్లోంచి పందిరి కిందికి రావడానికి కూడా రెండుసార్లు ఆగేది. ఆ ఊళ్ళో పెద్దవాళ్ళందరి కాళ్ళూ అంతే, పళ్ళన్నీ గోధుమరంగే. వయసు మీద పడితే ఇంతే కాబోలు అనుకునేవాణ్ణి. మా అవ్వకు అప్పటికి యాభై ఆరేళ్ళు.

నేను వెళ్ళిన మూడో రోజు పొద్దున ఊరి మొదట్లో గోల వినిపించింది. చూస్తే, ఎర్రగా కాలిపోయిన ఒక పొడుగాటి తెల్లవాడు, సామాను కట్టిన సైకిలు తోసుకుంటూ వస్తున్నాడు. వెనక చక్రం వంకర పోయి, గాలి దిగిపోయింది. ఊరు మొత్తం పుస్తకంలో రాసినట్టే గుడ్లప్పగించి చూస్తోంది. రెండు నెలలు బస్టాండులో దొరకని కాగితం తన కాళ్ళ మీద నడిచి మా అవ్వ ఊరికి వచ్చింది! జనాన్ని తోసుకుంటూ వెళ్ళి, మా జిల్లా తరఫున స్వాగతం పలికాను. అతను హాలెండువాడట. ఆర్నెల్లుగా మన దేశంలో సైకిలు మీద తిరుగుతున్నాడట. ఇప్పుడు నందికొండకు పోతున్నాడు. అతని సంచిలో నా పుస్తకమే ఉంది, అట్టతో సహా! దగ్గరి చుట్టాన్ని చూసినట్టు సంతోషపడ్డాను. కానీ అతను నవ్వి, ఆ పుస్తకం చదవడం మానేశాననీ, మనుషులను అడగడమే మేలని తెలిసిందనీ అన్నాడు. అతని ఖర్మ కాలి, ఆ రోజు అడగడానికి దొరికిన మనిషిని నేను.

సైకిలు బాగుచేసే పని ఊళ్ళో పంచర్ చాచాది. ఆయన దుకాణమంటే ఒక పెట్టె, ఒక పంపు, నీళ్ళు పోసిన ఇనప తట్ట, అంతే. అవన్నీ మా అవ్వ పందిరి కిందికి తెచ్చుకుని పని మొదలుపెట్టాడు. దొరను మంచం మీద కూర్చోబెట్టి నేను సలహాలు మొదలుపెట్టాను. చెప్పులు గడప బయట విడువు. ఎడమచేత్తో ఏదీ అందుకోకు. ఆడవాళ్ళకు చెయ్యి చాపకు. థాంక్స్ అనకు, ఇక్కడివాళ్ళు నొచ్చుకుంటారు (ఎవరు నొచ్చుకుంటారో నాకూ తెలియదు, వాక్యం బాగుందని అన్నాను). అతను బుద్ధిగా అన్నిటికీ తలూపాడు. ఇంతలో మా అత్త, అంటే మా మామ భార్య, ఇత్తడి చెంబు నిండా నీళ్ళు తెచ్చి ఇచ్చింది. దొర చెంబు అందుకుని, జేబులోంచి చిన్న సీసా తీసి, నీళ్ళను శుభ్రంచేసే గోళీ ఒకటి వేసుకుని తాగితే తప్పా అని నన్నడిగాడు. పాపం, ఆర్నెల్లుగా అట్లాగే తాగుతున్నాడట. నేను అదిరిపడ్డాను. 'తప్పా? ఘోర అవమానం! మా నీళ్ళను అనుమానిస్తావా అంటారు. వద్దంటే ఇంకా అవమానం. నువ్వు పెదవులకు ఆనించి, ఎవరూ చూడనప్పుడు గోడ వెనక పారబొయ్యి. వాళ్ళ మర్యాదా నిలుస్తుంది, నీ కడుపూ నిలుస్తుంది' అన్నాను. అంత తెలివి నాకెక్కడిదా అని నాకే ముచ్చటేసింది. దొర కాస్త సందేహించాడు గానీ, స్థానికుడి మాట కదా, అట్లాగే చేశాడు.

కాసేపటికి మా అవ్వ గోడ వైపు చూసింది. ఎన్నడూ అటు పోని కోళ్ళు నాలుగు చేరి తడి నేలను పొడుస్తున్నాయి.

"బిడ్డా, దొర నీళ్ళు పారబోసిండా? చీమ గిట్ల పడ్డదా ఏంది?"

"ఔ అవ్వా, చీమ పడ్డది" అన్నాను.

"అయ్యో పాపం! అంత ఎండల వడి వచ్చిండు. ఓ పిల్లా, ఇంకో చెంబు తే."

రెండో చెంబు వచ్చింది. అదీ కోళ్ళకే పోయింది. ఈసారి అవ్వ నన్ను అడగలేదు, తనే కారణం వెతుక్కుంది. "కుండ బయట వెట్టినం గద, కాగినయేమో. లోపలి కుండలయి ముంచుకరాపో" అంది. మా అత్త లోపలికి పోయింది. కుండ వంచుతున్న చప్పుడు వినబడింది. మూడో చెంబు తెచ్చి నా చేతికే ఇస్తూ, "అల్లుడా, గియ్యే ఆఖరు. జర చూసి తాగుమను" అంది. ఆ మాటలో ఏదో ఉందని నాకు తట్టలేదు. మళ్ళీ గోడ వెనక్కి పంపితే అనుమానం వస్తుందని కొత్త ఉపాయం వేశాను. చాచా ట్యూబును నీళ్ళ తట్టలో ముంచి చూస్తున్నాడు. దొర చేతికి చెంబు ఇచ్చి, అతని పెదవులకు ఆనించనిచ్చి, మళ్ళీ తీసుకుని, ఎవరూ చూడకుండా ఆ తట్టలో కుమ్మరించాను.

చాచా చూడనే చూశాడు. ట్యూబు వదిలేసి లేచి నిలబడ్డాడు.

"ఓ బేటా! చెంబులయి మంచినీళ్ళు గద! తట్టల వోస్తివా? నీకు దిమాక్ ఉన్నదా?"

నేను ఇంగ్లీషులో నవ్వాను. చాచా నన్ను వదిలేసి నేరుగా దొర వైపు తిరిగాడు. "సాబ్, ఏ మీఠా పానీ హై. దో మీల్ సే లాతే" అంటూ, రెండు మైళ్ళ దూరంలో ఉన్న వాగు వైపు చెయ్యి చూపించాడు. తన పళ్ళు చూపించాడు, మా అవ్వ మోకాళ్ళు చూపించాడు. తర్వాత వీధిలోని బోరింగు పంపు వైపు చూపించి రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. ఆ కాళ్ళూ, ఆ పళ్ళూ వయసు పని కాదు, బోరు నీళ్ళలోని ఫ్లోరైడు పని అన్నమాట. చివరికి గడపలో కూర్చున్న మా మామ కూతుర్ని, ఐదేళ్ళదాన్ని, చూపిస్తూ "ఏ సిర్ఫ్ బచ్చోంకు, మెహ్మానోంకు" అన్నాడు. ఆర్నెల్లు దేశం తిరిగిన దొరకు ఆ మాత్రం హిందీ వచ్చునని నాకు అప్పుడు తెలిసింది. నా ఇంగ్లీషు గంటసేపు చేయలేని పని చాచా సైగలు నిమిషంలో చేశాయి. దొర ముఖం ఎండకు కాలినదానికంటే ఎర్రబడింది. నా వైపు తిరిగి, ఈ ఇంటివాళ్ళు ఈ నీళ్ళు తాగరా అని అడిగాడు. ఇరవై ఒక్క ఎండాకాలాలు ఆ ఇంట్లో గడిపిన నాకు జవాబు తెలియలేదు. అవ్వనే అడగాల్సి వచ్చింది.

"మేం తాగి ఏం జేస్తం బిడ్డా? మా కాళ్ళు ఎట్లన్న అయిపోయినయ్. బోరు నీళ్ళు తాగుతం. గీ తియ్యనీళ్ళు పోరగాండ్లకు, సుట్టాలకు. చెలిమెల ఊరుతయ్, మీ అత్త పొద్దుగాల చీకట్లనే పోయి తెస్తది."

"మరి నాకు?"

"నువ్వు పోరగానివే గద" అంది అవ్వ. ఇరవై ఒక్క ఏళ్ళ, మూడుసార్లు పరీక్ష రాసిన పోరగాణ్ణి. చచ్చేంత సిగ్గేసింది. ఆ ఇంట్లో నేను ఏ కుండలో నీళ్ళు తాగుతున్నానో, పక్కవాళ్ళు ఏ కుండలోవి తాగుతున్నారో ఒక్కనాడూ చూడలేదు. పైగా ఈ దేశపు మర్యాదల మీద ఉపన్యాసం ఒకటి!

దొర గోళీ సీసా తీసి అవ్వకు చూపించి, ఇది వేసుకుంటే మీకు కోపమా అని నాచేత అడిగించాడు. అవ్వ సీసాను ఎండకు పట్టి చూసింది. "కడుపుల మందా? ఏస్కోమను. మేం గోళీలు మింగమా ఏంది? గింత దానికి నీళ్ళన్ని పారబోసుడెందుకు, పిచ్చి నాయిన!" అంది. నా పుస్తకంలో తొమ్మిది పేజీలున్నాయి గానీ, ఈ వాక్యం వాటిలో లేదు.

చక్రం సరవ్వగానే దొర మా అత్తను రెండు బిందెలు అడిగి, సామాను దించి, సైకిలుకు చెరో పక్కా కట్టుకున్నాడు. దారి చూపించు అన్నాడంతే. నాకు ఆ దారి తెలియదు! ఐదేళ్ళ మా మరదలు ముందు నడిస్తే, వెనక నేనూ, మా వెనక యూరప్ ఖండమూ నడిచాం. వాగులో ఇసుక తప్ప ఏమీ లేదు. చెలిమె అంటే ఇసుకలో నడుం లోతు గుంత, దాని అడుగున అరచేయంత నీళ్ళు. కొబ్బరి చిప్పతో ముంచాలి, మళ్ళీ ఊరేదాకా కూర్చోవాలి, మళ్ళీ ముంచాలి. రెండు బిందెలు నిండేసరికి మధ్యాహ్నం దాటింది, నా వీపు పొక్కింది. మా అత్త ఈ పని రోజూ చేసి వచ్చి, తర్వాత పొలానికి పోతుంది. మేం తిరిగి వచ్చాక దొర గోళీ వేసుకుని ఒక చెంబు గటగటా తాగి, మా అవ్వకు థాంక్స్ చెప్పాడు. ఆమె ఏమీ నొచ్చుకోలేదు.

ఇంత జరిగాక కూడా నేను కాగితం అడిగాను. సిగ్గు ఒక పక్క, ఎరువుల బస్తాలు ఒక పక్క. అతను నా నోటుపుస్తకంలో రెండు వాక్యాలు రాసి, మడిచి ఇచ్చి, సైకిలెక్కి వెళ్ళిపోయాడు. విప్పి చూస్తే దాని తెలుగు ఇది: 'ఇతని ఇంగ్లీషు చక్కగా అర్థమవుతుంది. కానీ ఇతను ఏ సలహా ఇచ్చినా, పాటించే ముందు వాళ్ళ అవ్వను అడగండి.' వారం రోజులు దాన్ని దాచి, చివరికి గుండె రాయి చేసుకుని నందికొండ తీసుకుపోయాను. మేనేజరు రెండుసార్లు చదివాడు. "అర్థమైతదని రాసిండు గద, చాలు. మరి మీ అవ్వ గూడ డ్యూటీకి వస్తదా?" అన్నాడు. నాలుగేళ్ళు అక్కడ పనిచేశాను. నీళ్ళ గురించి ఏ యాత్రికుడు అడిగినా ఇంటివాళ్ళనే అడగమనేవాణ్ణి.

మరుసటి ఎండాకాలం సెలవు పెట్టి అవ్వ దగ్గరికి పోయాను. చాచా దగ్గర సైకిలు కిరాయికి తీసుకుని, చీకటితోనే చెలిమెకు పోయి ఒక బిందె తెచ్చాను (సగం నీళ్ళు దారిలోనే ఒలికాయి). పెద్ద ఘనకార్యం చేసినవాడిలా చెంబులో పోసి అవ్వ చేతికిచ్చి, తాగు అన్నాను. ఆమె వద్దన్నా వినలేదు, మొండికేశాను. అవ్వ ఒక్క గుక్క తాగి, నోట్లోనే కాసేపు ఉంచుకుని, మింగి, ముఖం చిట్లించింది.

"సప్పగున్నయ్ బిడ్డా. మాకు బోరు నీళ్ళే అలవాటు. ఇగో, నువ్వు తాగు."

నిజంగానే ఆమెకు చప్పగా అనిపించాయో, నాకు మిగల్చడానికి అట్లా అందో ఇప్పటికీ తెలియదు. ఆ సంగతి ఎవరిని అడగాలో కూడా తెలియలేదు, అడగవలసిన మనిషి ఆమే కదా. అప్పుడు మాత్రం ఎదురు చెప్పకుండా చెంబు అందుకుని, అంతా నేనే తాగాను.