మూడో మెట్టు దగ్గర పిలుస్తారని

కోస్టారికాలో ఒక పడవ బేరాన్ని, జర్మనీలోని కొలోన్‌లో వంటింటి బల్ల దగ్గర కూర్చుని, కాదని లేచిపోయిన మొనగాణ్ణి నేను. లేచిపోవడమంటే మాటలా! అవతల ఉన్నది ఆ కాలువల్లో దారి తెలిసిన ఒకే ఒక్క పడవ. ఇవతల నాకు ఇంకో పడవ తెలీదు. అయినా "అయితే వద్దులెండి" అని ఫోను పెట్టేశాను. పెట్టేసి తొమ్మిది రోజులు ఆ నంబరు ముట్టలేదు. అంత నిబ్బరం బట్టల కొట్టు నడిపిన మా నాన్నకి కూడా లేదు. సరుకు కొనే బేరంలో ఆయన గట్టిగా బిగిస్తే ఒక పూట ఆగేవాడు.

ఇంతకీ పడవ నాది కాదు, సినిమా నాది కాదు, పెట్టే డబ్బు నాది కాదు. ఆ మొత్తం వ్యవహారంలో నాదంటూ ఉన్నది అసూయ ఒక్కటే. అది మాత్రం నికార్సయిన సరుకు.

సినిమా నా స్నేహితుడిది. ఇద్దరం ఒకే ఏడు ఇక్కడే జర్మనీలో జీగెన్‌కి మాస్టర్స్ చదవడానికొచ్చాం. వాడిది కరీంనగర్, నాది చీరాల. ఇద్దరికీ ఒకే వంటగది, ఒకే కుక్కరు. రెండో సెమిస్టరు దాటాక వాడు ఇంజనీరింగు మానేసి సినిమా నేర్చుకుంటానని వెళ్లిపోయాడు. కుక్కరు నాకు మిగిలింది, వాడి మీద జాలి కూడా నాకే మిగిలింది. ఆ జాలిని చాలా ఏళ్లు భద్రంగా దాచుకున్నాను. ఉద్యోగం మీద ఇక్కడ ఉండనిచ్చే బ్లూ కార్డు వచ్చినప్పుడూ, పెళ్లయినప్పుడూ, జీతం పెరిగినప్పుడూ బయటికి తీసి చూసుకుని మళ్లీ మడతపెట్టేవాణ్ణి. కరోనా మొదటి ఏడాది వేసవిలో వాడు ఫోను చేసి ఒక్క మాటతో దాన్ని లాగేసుకున్నాడు.

"అరేయ్, ఫండ్ వచ్చిందిరా. కోస్టారికా పోతున్న."

అక్కడ తూర్పు తీరంలో రోడ్లు లేని ఊళ్లున్నాయట. దారులన్నీ కాలువలే. బడులు మూసేశాక ఒక టీచరమ్మ వారానికి రెండుసార్లు పడవెక్కి, ఇంటింటి రేవు దగ్గరా ఆగి, పిల్లలకి పాఠాల కాగితాలు ఇచ్చి, పోయిన వారం ఇచ్చినవి దిద్ది తెస్తోందట. ఆవిడ మీద యాభై నిమిషాల డాక్యుమెంటరీ. డిసెంబరులో అక్కడి బడి సంవత్సరం అయిపోతుంది. ఆ తర్వాత బళ్లు తెరిస్తే ఇక పడవ ఉండదు. ఈలోపు తియ్యాలి. అదీ అక్టోబరులోనే తియ్యాలి. ఎందుకంటే దేశమంతా వానలు పడే ఆ నెలలో ఆ తీరం ఒక్కటే పొడిగా ఉంటుంది. నవంబరు వచ్చిందంటే కుండపోత.

"కంగ్రాట్స్ మావా" అన్నాను.  నేను ఆ వేసవంతా సూపర్‌మార్కెట్ తప్ప వేరే దేశం చూడలేదు.

"ప్లానింగ్ ఎవరు చూస్తున్నారు?" అని అడిగాను.

"ఇంక ఎవల్లేరు. ఒకామె ఉంది, పైసలు ఎక్కువడుగుతుంది."

"నేను చేస్తా. సగానికే."

"నీకెందుకురా ఈ తలనొప్పి? జాబ్ ఉంది గదా."

"సరే, ఊరికే చేస్తా."

అడిగినవాడు లేకుండానే నా రేటు నేనే పడగొట్టుకున్నాను. దానికి బదులుగా ఒకటి అడిగాను. బడ్జెట్టులో ఇద్దరికే చోటుంది: కెమెరా పట్టుకునేది వాడు, మైకు పట్టుకునేది ఒక జర్మన్ అమ్మాయి. మూడో సీటు నాకు కావాలన్నాను. వాడు నవ్వాడు. "మిగిలిస్తే నీదే. పైసలు తగ్గించుకరా, సీటు ఎక్కు."

అంతే, ఆ రోజు నుంచి నేను ఆఫీసు మీటింగుల్లో కెమెరా ఆపేసి కోస్టారికా బేరాల్లో మునిగిపోయాను. లెక్కంతా డాలర్లలోనే వేసేవాణ్ణి, ఆ దేశపు గాలి కాస్త తగిలినట్టుండేది. లాడ్జి గదులు తగ్గించాను, జీపు అద్దె తగ్గించాను, లెన్సుల అద్దె తగ్గించాను, తప్పనిసరి అన్న ఇన్సూరెన్సులో కూడా ఎంతో కొంత తగ్గించాను. అక్కడికి ఫోను ఎప్పుడూ మధ్యాహ్నం మూడింటికే చేసేవాణ్ణి. అప్పుడు వాళ్లకి ఉదయం ఏడు. బోణీ వేళ ఎవరూ కాదనరని నా ఎత్తు. వాళ్లకి బోణీ అంటే ఏమిటో తెలుసా లేదా అని మాత్రం ఆలోచించలేదు. టూరిస్టులు లేక ఖాళీగా ఉన్నారు కాబట్టి ఒప్పుకుంటున్నారన్న సంగతి కూడా నాకు తట్టలేదు. నా ప్రతిభే అనుకున్నాను.

ఆగస్టు చివరికి తొమ్మిది వందలు మిగిల్చాను. మూడో సీటుకి పదమూడు వందలు కావాలి.

"ఆ నాలుగు వందలూ మనమే వేసుకోవచ్చు కదండీ" అంది మా ఆవిడ.

"సొంత డబ్బు పెట్టి వెళ్తే అది టూరు. మిగిల్చుకుని వెళ్తే హక్కు."

"సినిమా ఆయనది, సన్‌స్క్రీన్ మాత్రం మీరు రెండు డబ్బాలు కొన్నారు. హక్కేనా అదీ?"

అవి సేల్‌లో ఉన్నాయి. ఒకటి కొంటే రెండోది సగం ధర. 

మైకు పట్టుకునే అమ్మాయిని ఒక వీడియో కాల్‌లో చూశాను. మోకాళ్ల దాకా బూట్లు తొడుక్కుని, ఇంట్లోనే అటూ ఇటూ నడిచి చూపించింది. "నీళ్లలో చప్పుడు చెయ్యవు" అంది.  ఆ పిల్ల ఏం చేస్తుందని! ఒక కర్రకి మైకు కట్టి పట్టుకుంటుంది. నేను ఇక్కణ్ణుంచి రెండు ఖండాల లెక్కలు పట్టుకుని ఉన్నాను, నాకు బూట్లు లేవు.

ఇక మిగిలింది పడవ. పదిరోజుల పని. దాని మీద రోజుకి నలభై తగ్గితే నా నాలుగు వందలు పూర్తవుతాయి.

పడవ ఒకావిడది. వయసులో ఉన్నప్పుడు స్టుట్‌గార్ట్‌లో పిల్లల్ని చూసుకునే పనిలో కొన్నాళ్లుందట, జర్మన్ బాగా వచ్చు. టీచరమ్మని తిప్పేది ఆవిడే. నా స్నేహితుడు ముందే చెప్పాడు: "ఆమెతోని బేరం పెట్టకు. ఎంతంటే అంతకు ఖాయం జెయ్యి. ఆమె లేకుంటే సినిమానే లేదు."

సరేనన్నాను. మధ్యాహ్నం మూడింటికి ఫోను చేశాను.

"రోజుకి నూట అరవై" అంది. "పెట్రోలు, నేను, మధ్యాహ్నం భోజనం అన్నీ అందులోనే."

"నూట ఇరవై."

 అవతల దూరంగా ఏదో పక్షి అరిచింది. దాని మీద కూడా నాకు అసూయగానే ఉంది.

"నూట యాభై చేస్తాను" అంది. "అంతకన్నా తక్కువైతే నాకు కుదరదు."

ఇక్కడ మా చీరాల బట్టల కొట్టు సంగతి చెప్పాలి. మా కొట్టుకి నాలుగు మెట్లు. బేరం కుదరని కస్టమరు లేచి చెప్పులేసుకుంటే మా నాన్న తల కూడా ఎత్తేవాడు కాదు. మొదటి మెట్టు దిగితే చీర మడతపెట్టేవాడు. రెండో మెట్టు దిగితే పక్కవాళ్లతో మాట్లాడేవాడు. మూడో మెట్టు మీద కాలు పడగానే మాత్రం, "రండమ్మా, రండి, మీ మాటే కానివ్వండి" అని పిలిచేవాడు. నాలుగో మెట్టు దాకా పోనిస్తే ఎదురు కొట్టు పాలవుతుంది. దిగేవాళ్లకీ ఈ లెక్క తెలుసు. అందుకే మూడో మెట్టు మీద కొంగు సర్దుకోవడానికో, పిల్ల చెయ్యి పట్టుకోవడానికో ఒక్క క్షణం ఆగేవాళ్లు. పుట్టిన దగ్గర్నుంచి చూస్తున్నాను, పిలుపు రాకపోవడం ఎప్పుడూ చూడలేదు.

కాబట్టి "అయితే వద్దులెండి" అన్నాను. "మంచిది, ఉంటాను" అని ఆవిడా అంది.

మొదటి రోజు సంతోషంగా గడిచింది. మూడో రోజు, ఆవిడ ఇప్పుడు చీర మడతపెడుతూ ఉంటుంది అనుకున్నాను. అయిదో రోజు నా స్నేహితుడు ఫోను చేశాడు.

"పడవ సంగతి ఏమాయెరా?"

"అయిపోయినట్టే."

"అయిపోయినట్టేనా, అయిపోయిందా?"

"నీకెందుకురా, నేను చూసుకుంటున్నా కదా."

అప్పుడైనా ఫోను చేసి ఉండాల్సింది. నూట యాభైకే ఒప్పుకుంటే సినిమాకి అక్టోబరు దొరికేది. కానీ నా సీటుకి ఇంకా మూడు వందలు తక్కువయ్యేది. వాళ్లిద్దరూ బూట్లేసుకుని ఆ పడవెక్కడం, నేను వాళ్ల బిల్లులు కూడుతూ కూర్చోవడం కళ్లముందు కనపడింది. ఆగాను. తొమ్మిది రోజులు ఆగాను. మూడో మెట్టు మీద అంతసేపు నిలబడిన కస్టమరు మా కొట్టు చరిత్రలో లేడు.

పదో రోజు నేనే చేశాను. నూట యాభై ఇస్తానన్నాను, ఏదో వరమిచ్చినట్టు.

"అక్టోబరు లేదండీ" అంది. "పక్షుల్ని లెక్కపెట్టేవాళ్లు ఇద్దరొచ్చి అడిగారు, నెలంతా వాళ్లకిచ్చాను. టీచరమ్మని వారంలో ఆ రెండు రోజులూ మా తమ్ముడు తిప్పుతాడు, వాడి చిన్న పడవలో ఇంకొకరు పట్టరు."

"మీరు నన్ను మళ్లీ అడగలేదే?"

"మీరు వద్దన్నారు కదా." ఆవిడ గొంతులో కోపం లేదు, నిజంగానే అర్థం కాలేదు. "వద్దన్నవాళ్లకి మళ్లీ ఫోను చేసి విసిగిస్తామా? మర్యాదగా ఉంటుందా?"

నవంబరు రెండో వారం నుంచి ఖాళీ అంది. రోజుకి నూట అరవై. ఈసారి బేరమాడకుండా ఖాయం చేశాను.

నా స్నేహితుడికి ఏం చెప్పాను? కరోనా అని చెప్పాను. అక్కడ నిబంధనలు మారాయట, పడవలు తిరగనివ్వట్లేదట, అక్టోబరు కుదరదట. ఆ ఏడాది ఆ ఒక్క మాట చెబితే ఎవరూ రెండో ప్రశ్న వేసేవాళ్లు కాదు. ఆఫీసుల్లో టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, దొరక్కపోయినా కరోనా, సోఫా ఆలస్యమైనా కరోనా. వాడు పైపెచ్చు నన్నే ఓదార్చాడు.

"నీ తప్పేముందిరా? కరోనాకు నువ్వేం జేస్తవు. నవంబర్ల పోదాం. టికెట్ల తారీఖు ఊరికే మారుస్తున్నరు." మళ్లీ వాడే అన్నాడు: "గానీ ఆ తొమ్మిది వందలు వానలకు పక్కకు పెట్టాలె. నీ సీటు ఈసారికి కాదేమోరా. ఏమనుకోకు."

ఏమీ అనుకోనని అన్నాను.

వాళ్లు వెళ్లిన రోజు మా అమ్మాయి నన్ను చూసి, "పాపా, ఫ్లీగ్స్ట్ డూ నిష్ట్?" అంది. నాన్నా, నువ్వు ఎగరట్లేదా అని. సన్‌స్క్రీన్ డబ్బాలు రెండూ బీరువా మీద నుంచి నన్నే చూస్తున్నాయి. బయట హోటళ్లు మళ్లీ మూసేశారు.

అక్కణ్ణుంచి రోజూ వాయిస్ మెసేజులు. "విను, వాన ఎట్ల కొడుతుందో." "ఈరోజు కూడా పడవ తియ్యనియ్యలే, నీళ్లు మస్తు పెరిగినయ్." ఒకసారి మైకు అమ్మాయి రేకుల కప్పు కింద కూర్చుని కప్పల చప్పుడు రికార్డు చేసి పంపింది. నేను గిన్నెలు కడుగుతూ హెడ్‌ఫోన్స్‌లో విన్నాను. వాళ్లు తడిసి, పని జరగక, దిగులుతో ఉన్నారు. ఆ వాన నావల్లే. తెలిసి కూడా నాకు సిగ్గుకంటే ముందు అసూయే వచ్చింది. వాళ్ల వాన కూడా నాకు కావాలనిపించింది.

పది రోజులనుకున్నది పద్నాలుగు రోజులయింది. అందులో టీచరమ్మ పడవెక్కింది రెండుసార్లు. ఆ తర్వాత వాళ్ల బడి సంవత్సరం అయిపోయింది. యాభై నిమిషాల సినిమా ఇరవై ఎనిమిది నిమిషాలయింది. బాగుంది. వాన వెనకాల ఆవిడ కాగితాలు ప్లాస్టిక్ సంచిలో పెట్టి గుండెకి హత్తుకున్న చోట నాకు కళ్లు తడిశాయి, ఇది నేను తియ్యలేదు కదా అని కూడా అనిపించింది. కానీ రెండు రేవులే ఉన్నాయి. ఎండలో తీద్దామనుకున్న మిగతా రేవులూ, వాటి దగ్గర కాగితాలు పట్టుకుని ఎదురుచూసే పిల్లలూ లేరు.

నిధి ఇచ్చినవాళ్లకి తుది లెక్క పంపడం ప్లానింగ్ చూసినవాడి పని. నాలుగు గళ్ల కాగితం: అనుకున్నది, అయినది, తేడా, తేడాకి కారణం. నా పని తేలిక చేద్దామని నా స్నేహితుడు కారణం గడి ముందే నింపి పంపాడు. పైనుంచి కింది దాకా ఒకటే మాట: కరోనా. ఆ ఏడాది వాళ్లకి వచ్చిన లెక్కలన్నిట్లోనూ బహుశా అదే ఉంటుంది. ఎవరూ అడగరు. సంతకం పెడితే అయిపోతుంది.

మూడు రోజులు ఆ కాగితం తెరిచి మూశాను. మా నాన్న కస్టమర్లతో ఎన్ని అబద్ధాలాడినా, సాయంత్రం చిట్టాలో మాత్రం ఆడేవాడు కాదు. నాలుగో రోజు ఆ మాట అంతటా చెరిపేసి, మళ్లీ నింపి, సంతకానికి నా స్నేహితుడికే పంపాను. వాడు వారం పాటు ఫోను చెయ్యలేదు. నేను కూడా ఈసారి పిలుస్తాడని ఆగలేదు, నేనే చేశాను. "సంతకం పెట్టిన. పంపెయ్" అన్నాడు. 

పంపిన లెక్క ఇది.

పడవ: అనుకున్నది పది రోజులు, అయినది పద్నాలుగు. రోజుకి నూట అరవై. తేడా ఆరు వందల నలభై. కారణం: అక్టోబరుకి నూట యాభైకి వచ్చిన పడవని ప్లానింగ్ చూసినవాడు వద్దన్నాడు, తొమ్మిది రోజులు తిరిగి అడగలేదు.

గదులు: నాలుగు రోజులు ఎక్కువ. తేడా రెండు వందల అరవై. కారణం: పైదే.

ఇతర బేరాల్లో మిగిల్చినది: తొమ్మిది వందలు. పై రెండిటికీ సరిపోయింది.

నిడివి: అనుకున్నది యాభై నిమిషాలు, అయినది ఇరవై ఎనిమిది. కారణం: కరోనా కాదు. ప్లానింగ్ చూసినవాడి సీటుకి మూడు వందలు తక్కువయ్యాయి.

మిగులు: సున్నా.