ఆమెకంటే తెల్లటి చెయ్యి

ఆ బేకరీలో ఆమెను అందరూ ప్యాకింగక్క అంటారు. ఓనరు అంటాడు, ఓనరమ్మ అంటుంది, ఆమెకంటే పదేళ్ళు పెద్దవాడైన మాస్టరు కూడా పొయ్యి దగ్గర చెమటలు కక్కుతూ "అక్కా, ట్రే వస్తోంది" అని కేకేస్తాడు. పదకొండేళ్ళుగా కేకు పెట్టెలకు దారం కట్టే బల్ల ఆమెది. ఎడమ చెయ్యి మోచేతి కింద నాలుగు వేళ్ళ మేరే ఉంది. ఆ మొండి చేత్తో పెట్టెను బల్లకేసి నొక్కి పట్టి, కుడిచేత్తో దారం రెండు చుట్లు తిప్పి, చూపుడువేలికి మెలేసి లాగిందంటే ముడి పడాల్సిందే. రెండు చేతులున్నవాళ్ళు ఇరవై పెట్టెలు కట్టేసరికి ఆమె ముప్ఫై కట్టి, ఇంకేవీ అన్నట్టు చూస్తుంది.

మిగతా చెయ్యి ఎనిమిదేళ్ళప్పుడు పోయింది. గోడ దూకబోయి పడితే ఎముక విరిగింది. వీధి చివర కట్లు కట్టే పెద్దమనిషి ఒకడు రక్తం ఆడకుండా బిగించి కట్టాడు. పిల్ల గుక్కపెట్టి ఏడుస్తుంటే, "నొప్పి ఉందంటే అతుక్కుంటున్నట్టే" అన్నాడు. నాలుగో రోజుకు వేళ్ళు నల్లబడి వాసన మొదలైంది. వాసన వస్తున్నా అమ్మ ఇంకో రోజు ఆగింది, పెద్దమనిషి మాట కాదనలేక. ఆసుపత్రిలో డాక్టరు కట్టు విప్పి, మొహం పక్కకు తిప్పుకుని, "కుళ్ళిందమ్మా, తీసేయాలి" అన్నాడు. ఇక మన పెద్దమనిషి వీధంతా తిరిగి, "పిల్ల కుదురుగా ఉంటేగా, కట్టు కదిల్చేసింది" అని చెప్పుకుని చేతులు దులుపుకున్నాడు. ఆయన చేతులు మాత్రం చివరిదాకా రెండూ బాగానే ఉన్నాయి.

పంతొమ్మిదేళ్ళప్పుడు అమ్మ ఆమెను రబ్బరు చేతులు అమర్చే చోటికి తీసుకెళ్ళింది. అక్కడ రంగుల అట్ట ఒకటి ఉంటుంది, చీరల కొట్లో జాకెట్టు గుడ్డ ముక్కల్లాగా. కొలతలు తీసే ఆయన ఆమె చేతి పక్కన ఒక్కో రంగూ పెట్టి చూసి, "ఇదిగో, సరిగ్గా సరిపోయింది" అన్నాడు.

"అది వద్దు బాబూ, ఆ పైన ఉన్న తెల్లది ఇవ్వు. కొనేదేదో మంచి రంగే కొంటే పోలా?" అంది అమ్మ.

"మరి నా కుడిచెయ్యో?" అంది ఈమె.

"చెయ్యి చూసి మనిషి కూడా అదే రంగనుకుంటారులే, నువ్వూరుకో."

ఇప్పుడామెకు నలభై మూడు. రబ్బరు చేతికి పై తొడుగు మూడుసార్లు మార్చారు, మూడుసార్లూ పాత చీటీ చూసి అదే తెలుపు వేశారు. కుడిచెయ్యి నరాలు తేలి, సెగకు కమిలి, వయసుకు తగ్గట్టు ఉంది. ఎడమది మాత్రం ఇంకా కాలేజీకి పోతున్నట్టుంటుంది. అది చూస్తే ఆమెకు ఒళ్ళంతా కంపరం. చుట్టాల పెళ్ళి ఫొటోల కోసం అమ్మ పోరు పడలేక తగిలించుకుని, ఇంటికి రాగానే బీరువా అడుగున పడేసేది.

నాలుగు నెలల కిందట ఓనరు కొట్టు ముందు గోడ తీసేసి అద్దం పెట్టించాడు. ప్యాకింగు జనానికి కనపడితే నమ్మకమట. మూడోరోజే ఒకావిడ, కేకు చేతిలో పట్టుకునే, "ఆ మొండి చెయ్యి చూశాక తినబుద్ధి కావట్లేదండీ" అంది. అలాగని కేకు మాత్రం వదిలిపెట్టి పోలేదు, మహాతల్లి.

సాయంత్రం ఓనరమ్మ గొంతులో తేనె పోసుకుని వచ్చింది. "నీకా రబ్బరు చెయ్యి ఉందిగా అక్కా, పెట్టుకోరాదూ. ఇష్టం లేదంటే బలవంతమేం లేదు, వెనక ట్రేలు కడుక్కుందువుగాని."

వెనక ట్రేలంటే జిడ్డోడే ఇనప పలకలు. రెండు చేతులతో పట్టి తోమినా జారిపోతాయి. ఒంటి చేత్తో వారం కూడా నెగ్గలేదని ఓనరమ్మకూ తెలుసు, ఈమెకూ తెలుసు. బల్ల పోతే పని పోయినట్టే. మర్నాడు రబ్బరు చెయ్యి తగిలించుకుని వచ్చింది.

దాంతో పెట్టె నొక్కితే జారేది. ముప్ఫై పెట్టెలు పదిహేనయ్యాయి. క్రీము వేళ్ళ సందుల్లో దూరి, ఎంత తోమినా పోక ముందు పసుపుగా, తర్వాత ఆకుపచ్చగా మారింది. లోపల చెమట పట్టి, చర్మం నాని, బొబ్బలెక్కి, సాయంత్రం విప్పితే వాసన గుప్పుమనేది. ఎనిమిదేళ్ళప్పటి వాసన! ముక్కు మూసుకుని కడిగి, ఛీ అనుకుని, పొద్దున్నే మళ్ళీ తగిలించుకునేది. అద్దం బయట జనం మాత్రం ఆ తెల్లటి చేతిని చూసి కేకులు హాయిగా తిన్నారు.

ఇలా ఉండగా ఒకరోజు తిండి కొట్లు తనిఖీ చేసే ఆఫీసరు వచ్చాడు. అందర్నీ కుళాయి దగ్గర వరసగా నిలబెట్టి చేతులు కడిగించి, గోళ్ళు చూశాడు. ఈమె దగ్గరికి వచ్చి రబ్బరు వేళ్ళు విడదీసి చూసి, చటుక్కున వదిలేశాడు.

"ఇది తీయండమ్మా."

తీసింది. మాస్టరు రెండడుగులు వెనక్కి వేశాడు. ఓనరమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"తిండి దగ్గరికి దీన్నెలా రానిచ్చారు?" ఆఫీసరు గొంతు లేచింది.

ఓనరు తడుముకోలేదు. "మేం వద్దంటూనే ఉన్నాం సార్. ఆమెకదో ముచ్చట. పాపం, ఏమంటాం, ఊరుకున్నాం."

రబ్బరు కంపును ఆమె ఇన్నాళ్ళూ భరించింది. ఆ 'పాపం' కంపు మాత్రం భరించలేకపోయింది. కట్లు కట్టిన పెద్దమనిషి ఇన్నేళ్ళకు మళ్ళీ ఎదురుగా వచ్చి నిలబడ్డట్టే అనిపించింది.

"ముచ్చట మా అమ్మదీ ఓనరమ్మదీ సార్. పెట్టుకోకపోతే బల్ల దగ్గర ఉండటానికి వీల్లేదన్నారు," అని, మొండి చెయ్యి కుళాయి కింద పెట్టి, మోచేతి దాకా సబ్బు రుద్ది కడిగింది. తుడుచుకుని బల్ల దగ్గరికి వెళ్ళి ఒక పెట్టె కట్టింది.

ఆఫీసరు వంగి ఆ చెయ్యి చూశాడు. జాలిపడలేదు, ఆహా ఓహో అనలేదు. "ఇది శుభ్రంగా ఉంది. ఇలాగే చేసుకోండి" అని, తిండి ముట్టే చేతికి ఉంగరం, గాజు, రబ్బరు చెయ్యి, ఏదీ ఉండకూడదని కాగితం రాసి ఓనరు చేత సంతకం పెట్టించాడు. మళ్ళీ వస్తానన్నాడు. ఆ కొట్లో ఆమెకు నచ్చిన మొదటి మనిషి ఆయనే.

రెండు రోజుల తర్వాత పనికి వచ్చేసరికి ఆమె బల్లకు ఎదురుగా, అద్దం మీద బయటివైపు, ఆమె జనానికి కనపడకుండా పెద్ద బొమ్మ అంటించి ఉంది. మోచేతుల దాకా రెండు చేతులు, మధ్యలో కేకు. పాలలాంటి చేతులు, అమ్మ ఏరిన రంగే. పైగా పొడుగాటి గోళ్ళు, వాటికి రంగు! ఆ గోళ్ళతో ఎవరైనా క్రీము ముడితే ఆఫీసరు కొట్టు మూయించేవాడు. బొమ్మలో చేతులు గనక ఎవరికీ రోత లేదు. ఆమెకు రెండు చేతులతోనూ చించి పారేయాలన్నంత అసహ్యం పుట్టింది, ఒకటి లేకపోయినా.

ఇంకా కొట్టు తెరవలేదు. అట్టలు కోసే కత్తి తీసుకుని బయటికి వెళ్ళింది. బొమ్మలో ఎడమ మోచేతి కింద తన నాలుగు వేళ్ళూ ఆనించి కొలిచింది. అక్కడి నుంచి గోళ్ళ చివరిదాకా కోసి ఒలిచేసింది. కేకు పడిపోలేదు, ఒక్క చేతి మీదే నిలబడింది.

లోపలికి వచ్చి పని మొదలుపెట్టింది. చెయ్యి ఆకారంలో ఉన్న ఆ కంత లోంచి, పెట్టెను నొక్కి పట్టిన మొండి చెయ్యి బయటికి స్పష్టంగా కనపడుతోంది. మొదటి కొనుగోలుదారు ఆగి చూశాడు. ఓనరమ్మ పరుగెత్తుకొచ్చింది.

"ఎంత పని చేశావక్కా! బంగారంలాంటి చెయ్యి!"

"కుళ్ళిందమ్మా, తీసేశాను," అని ప్యాకింగక్క ముడి లాగింది.