అచ్చియ్యమ్మగారి పోరంబోకు

పోరంబోకు అనగా ఎవరి పట్టాలోనూ లేనిదీ, ఎవరూ సాగు చేయనిదీ, శిస్తు రానిదీ అయిన భూమి. ఇది కరణం అనంతపద్మనాభంగారి నిర్వచనం. చోడవరంలో తన ఇంటిగోడకూ బండిదారికీ మధ్యనున్న జానెడు జాగా ఈ నిర్వచనానికి సరిగ్గా సరిపోతుందని అచ్చియ్యమ్మకు ముప్ఫయ్యేళ్లుగా తెలియదు. అక్కడ పిడకలు బాగా ఎండుతాయని మాత్రం తెలుసు.

పిడకలేమిటి, గేదె రాట, చెరకుపిప్పి కుప్ప, ఆనపపాదు, ఆమె సామ్రాజ్యమంతా అక్కడే.

జమీందారీలు పోయాక, యాభైనాలుగులో, సర్వేవారు గొలుసు పట్టుకుని వస్తున్నారని దండోరా వేశారు. వాడుకలో ఉన్న జాగా వాడుకుంటున్నవాళ్ల పేరనే రాస్తారని వీధిలో వదంతి. రాయకపోతే గేదెను ఎక్కడ కట్టాలన్నది అచ్చియ్యమ్మ బెంగ.

కాబట్టి ఆమె ఘనమైన ఏర్పాట్లు చేసింది. సర్కారువారు గుమ్మంలోకి వస్తుంటే పేడ కనబడితే పరువేం కాను? పిడకలు అటకెక్కించింది. పిప్పినీ గేదెనూ చెల్లెలింటికి తోలించింది. రాట పీకించింది. కాపుమీదున్న పాదును కళ్లనీళ్లు పెట్టుకుని మరీ కోసేసింది. కళ్లాపి జల్లి ముగ్గేసింది. సర్వే అమీనుగారు ముగ్గు తొక్కకుండా చుట్టూ తిరిగి, ముచ్చటపడి, “ఖాళీ. పోరంబోకు” అని పక్కనున్న కరణంగారిచేత రాయించారు.

“ఖాళీ ఏటి బాబూ! ముప్పయ్యేళ్లబట్టీ వాడతన్నాను!”

“ఏం వాడావే? ఒక్క పిడకైనా కనబడదేం?” అన్నారు కరణంగారు.

“పెద్దోళ్లొస్తన్నారని తీసేసేను. మీ ఇంటికి సుట్టాలొస్తే మీరు సద్దరేటి?”

కరణంగారు దస్త్రం కట్టేయబోయారు. అచ్చియ్యమ్మ వదల్లేదు.

“ఇంతకీ పోరంబోకంటే ఏటి బాబూ?”

“ఏ ఒక్కరిదీ కాదు. ఊరందరిదీనూ.”

“మరైతే నాను ఊళ్లో మనిసిని కానేటి?”

సర్వే గొలుసు వీధిమలుపు తిరిగేలోగా రాట పాతింది. సాయంత్రానికి గేదె వచ్చింది, మర్నాటికి పిడకలు దిగాయి.

రికార్డు ప్రకారం ఆ జాగా మీద చోడవరంలో అందరికీ హక్కుంది. హక్కు చెల్లాలంటే అచ్చియ్యమ్మనడగాలి, అంతే. మరుసటి వేసవిలో కరణంగారింటికి కట్టెలబండి వచ్చింది. దింపుకోను చోటు లేదు. ఆయన స్వయంగా వచ్చి గొంతు సవరించుకున్నారు.

“అచ్చియ్యమ్మా, నీ పోరంబోకులో కాస్త జాగా ఉందా?”

ఆమె పిడకలకేసీ, గేదెకేసీ, కొత్తగా పాకుతున్న పాదుకేసీ చూసింది.

“నేదు బాబూ. ఓపాలి ఖాళీ సేసేను. ఏటయ్యిందో తవరే సూసేరు కదా.”