కాలేజీకి ఇల్లు చూడబోయిన మా అత్త

మొన్న సోమవారం ఆరో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతుంటే మా తమ్ముడు వచ్చి బడి గుమ్మంలో నిలబడ్డాడు. బెల్లంపల్లి నుంచి మంచిర్యాలకు పొద్దున్నే బస్సెక్కి వచ్చాడు. "అక్కా, అత్త పోయింది. నిద్రలనే పోయింది" అన్నాడు. సెలవు చీటీ రాద్దామని టీచర్ల గదిలోకి వెళితే, తోటి టీచరొకామె "ఎవరు, అమ్మగారా?" అని అడిగింది. మేనత్త అన్నాను. "ఓ, మేనత్తేనా" అని మళ్లీ స్వెట్టర్ అల్లికలో పడింది. చచ్చినవాళ్లను కూడా వరుసను బట్టి తూచే మనుషులంటే నాకు కంపరం. ఆ కంపరం నాకు అబ్బిందే మా మేనత్త వల్ల. అందుకే ఆమె గురించి ఈ నాలుగు మాటలు.

ఆమె మా బాపుకు అక్క. పెళ్లయిన కొన్నాళ్లకే భర్త పోతే తమ్ముడి పంచకు వచ్చింది. బాపు బొగ్గు గనిలో పనిచేసేవాడు. కంపెనీ ఇచ్చిన క్వార్టర్లో ముందొక గది, వెనకొక గది, ఆ వెనక వంటకు రేకుల చాటు. వీటన్నిటి మీదా అత్తదే పెత్తనం. చర్చిలో అందరికంటే గట్టిగా కళ్లు మూసుకుని ప్రార్థించేది గానీ, బయటికొచ్చాక ఎవరెవరు కునుకు తీశారో ఆమే చెప్పేది. మా అమ్మను మేం అవ్వ అనేవాళ్లం, అవ్వ ఆమెకు భయపడేది. మేమూ భయపడేవాళ్లం.

మా సంఘంలో అందరికీ ఆమెతో పడే పని ఒకటుంది. మా వైపు సంబంధం మాట అనుకున్నాక పిల్ల తరఫువాళ్లు పిల్లగాడింటికి వెళ్లి, అక్కడే అన్నం తిని, ఇల్లూ వాకిలీ చూసి వస్తారు. దాన్ని ఇల్లు చూడబోవుడు అంటారు. అవునో కాదో చెప్పేది ఆ తర్వాతే. అత్త లేకుండా మా వాడలో ఎవరూ ఇల్లు చూడబోయేవారు కాదు. మగవాళ్లు మంచాల మీద కూర్చుని వానల సంగతి మాట్లాడుతుంటే, ఆమె కాళ్లు కడుక్కునే వంకతో పెరట్లోకి జారుకునేది. "ముంగటి అర్ర అందరు ఊడుస్తరు బిడ్డా, ఎనుకకు పోయి చూడాలె" అనేది. ముసలమ్మ మంచం ఎక్కడ వేశారో, కోడలు ఏ పళ్లెంలో తింటుందో, జీతగాడికి కూడు ఎక్కడ పెడుతున్నారో చూసుకుని వచ్చేది. నచ్చితే ఏమీ అనేది కాదు. నచ్చకపోతే పొలిమేర దాటాక తుపుక్కున ఉమ్మేది. ఆ ఉమ్ముతో తప్పిపోయిన సంబంధాలు చాలానే ఉన్నాయి.

రాష్ట్రాలు కలిసిన కొత్తలో నేను మెట్రిక్ పాసయ్యాను. మా క్వార్టర్ల వరసలో ఆడపిల్ల కాలేజీ దాకా రావడం అదే మొదలు. రెండు కాలేజీలకు దరఖాస్తు పెట్టాను, ఒకటి వరంగల్లు వైపు, ఇంకొకటి పట్నంలో. ఆ ఎండాకాలమంతా జవాబు కోసం ఎదురుచూపే. పంపు దగ్గరికి వెళితే చాలు, "సీటచ్చిందా? రాలేదా? పోనీ తియ్యి, ఏ పిలగాన్నన్న చూడరాదు మీ బాపు" అనేవాళ్లు. ఆ జాలి వెనక సంతోషం వాసన కొట్టేది. నేను ఖాళీ బిందెతోనే తిరిగి వచ్చేదాన్ని.

ఒకరోజు అత్త బాపును కూర్చోబెట్టింది. "చూడకుంట పిల్లనెట్లిస్తం తమ్మీ? అండ్ల ఎవలుంటరో, ఏం తింటరో. పోయి చూసొద్దం" అంది.

"అది కాలేజీ అక్కా, అత్తగారిల్లు కాదు" అన్నాడు బాపు.

"పిల్ల ఉండేది ఏండ్లకేండ్లు. ఇల్లు కాకుంటె ఏంది మరి?"

బాపు, అవ్వ, అత్త, తమ్ముడు, నేను, అందరం వరంగల్లు రైలెక్కాం. అవ్వ రొట్టెలు కట్టబోతే అత్త కసిరింది. "ఇల్లు చూడబోయేటోళ్లు సద్ది కట్టుకపోతరా? ఆళ్ల ఇజ్జత్ తీసుడు కాదా?" అని, వార్డెన్‌కు ఇవ్వడానికి అరటిపండ్లు మాత్రం కొంది. కాలేజీవాళ్లు మాకు అన్నం పెడతారని ఆమె నిజంగానే నమ్మింది.

అక్కడ మమ్మల్ని వరండాలో కూర్చోమన్నారు. కూర్చోవడానికి ఏమీ లేదు, గచ్చు మీదే కూర్చున్నాం. భోజనం గంట కొట్టారు. పిల్లలు పళ్లేలు పట్టుకుని మా ముందు నుంచే పోయారు, పప్పు తాలింపు వాసన మా మీదుగా పోయింది. అత్త ఎవరో వచ్చి పిలుస్తారన్నట్టు కొంగు సర్దుకుని నిటారుగా కూర్చుంది. ఎవరూ రాలేదు. చివరికి వార్డెన్ వచ్చి మమ్మల్ని పైనుంచి కిందికి చూసి, "ఒక్క అమ్మాయి కోసం ఇంతమందా?" అంది.

"పిల్లనిచ్చేటోల్లం కదమ్మా, జర చూసుకోవాలె" అంది అత్త.

వార్డెన్ రుమాలు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ రుమాలుకు అత్తరు పూసి ఉంది. నాకు ఆ వాసన ఈరోజుకీ పడదు. అత్త మాత్రం "కాళ్లు కడుక్కోనొస్త" అని లేచి వెనక్కి వెళ్లింది. ఆమె వచ్చేసరికి వార్డెన్ నా మార్కులు చూసి మెత్తబడింది. "సీటు తప్పకుండా వస్తుందండీ" అంటోంది. బాపు రెండు చేతులూ జోడించాడు. నాకు నేల మీద కాలు నిలవలేదు. అత్త కింద పెట్టిన అరటిపండ్లు తీసి మళ్లీ సంచిలో వేసుకుంది.

గేటు దాటాక ఉమ్మింది.

"ఏమైంది అక్కా?" అన్నాడు బాపు.

"ఎనుక చూసిన. చూరుకు మొలలు కొట్టి గిలాసలు తగిలిచ్చిన్రు. మిషన్ పిల్లలకు, మాల మాదిగ పిల్లలకు గవ్వేనట. కుండ కూడ బయటనే. వంటామె నాకు ధైర్యం జెప్తున్నది, మీ పిల్లకు గూడ ఒకటి తగిలిస్తం, పరేషాన్ గాకున్రి అని."

స్టేషన్‌లో ఆ అరటిపండ్లే మా భోజనం.

కొన్నాళ్లకు అక్కడి నుంచి సీటు వచ్చినట్టు కార్డు వచ్చింది. పట్నం నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఇది వదులుకుంటే ఏడాది పోయినట్టే, ఏడాది పోతే నాకు పెళ్లి చేసేస్తారని నాకు తెలుసు. పాస్టరుగారు ఇంటికొచ్చి ఓర్చుకోవాలని, అవమానాన్ని ప్రార్థనతో గెలవాలని బోధించాడు. ఆయన కొడుకులు పెద్ద ఊళ్లో హాయిగా చదువుకుంటున్నారు. ఓర్పు గురించి ఎప్పుడూ ఓర్చుకోనవసరం లేనివాళ్లే చెబుతారు. వినలేక చెవులు మూసుకోబుద్ధయింది.

బాపు కూడా మెత్తబడ్డాడు. "గిలాసల ఏమున్నదక్కా? సదువు సదువే గద. గనిల మేమందరం ఒక్క క్యానుల తాగుతలేమా?"

"తాగుతున్నరు. మరి పైకొచ్చినంక ఆళ్లింట్ల నీకు గిలాస ఇస్తరా?" అంది అత్త.

నేను ఏడ్చాను. ఆ గ్లాసుతోనైనా సరే పోతానన్నాను. అత్త నన్ను దగ్గరికి తీసుకోలేదు, అలాంటి అలవాటు ఆమెకు లేదు. "రోత పుట్టిన జాగల అలవాటు పడొద్దు బిడ్డా. పడ్డవనుకో, ఇగ రోతనే పుట్టది. నీ పెండ్లి ఎవడు జేస్తడో నేను చూస్త" అంది. చేరవలసిన గడువు అలాగే దాటిపోయింది. ఆ రోజుల్లో నాకు అన్నం సహించలేదు. అత్త కూడా సరిగ్గా తినడం లేదని అవ్వ చెప్పింది.

పట్నం కాలేజీ జాబు పాఠాలు మొదలయ్యాక వచ్చింది. సీటు ఉంది, వెంటనే రమ్మన్నారు. పెట్టె సర్దుకున్నా సరే, ఇల్లు చూడనిదే వదిలేది లేదంది అత్త. మళ్లీ అందరం బయల్దేరాం. ఈసారి జొన్నరొట్టెలు ఆమే కట్టింది. "గీ కాలేజోల్లకు మర్యాద తెల్వది" అంది.

వెనక్కి ఆమెతో నేనూ వెళ్లాను. అంత రోత నేనెక్కడా చూడలేదు. మురుగు మోరీ పొంగి వంటింటి గుమ్మం దాకా వచ్చింది. ఈగలు బియ్యం మీద నల్లగా వాలి ఉన్నాయి. వంటవాడు వీపు గోక్కున్న చేత్తోనే గరిటె తిప్పుతున్నాడు. ఇక ఇదీ పోయిందనుకున్నాను. అత్త చూరు కింద ఒకసారి, తలుపు చాటున ఒకసారి వెతికింది. పంపు దగ్గర పిల్లలు వరసగా నిలబడి ఉన్నారు, ఒకటే చెంబు చేతులు మారుతోంది. అత్త వెళ్లి తాను ఎవరో, ఏ వాడ నుంచి వచ్చిందో చెప్పి మరీ నీళ్లడిగింది. ఒక పిల్ల తాను తాగిన చెంబునే తొలిచి, నింపి ఇచ్చింది. అత్త గటగటా తాగేసింది.

బయటికి వచ్చి బాపుతో "గీ రోత కడిగితె పోతది తమ్మీ. పిల్లనిద్దం" అంది. వచ్చేముందు కూచుని ఆ వంటింటి గుమ్మం కడిగి మరీ వచ్చింది. ఆ కాలేజీ పప్పులో పురుగులు ఏరుకుంటూ నా చదువంతా సాగింది. ఇప్పుడీ బడిలో ఉన్నానంటే ఆ చెంబు నీళ్ల వల్లే.

మంగళవారం అత్తను మట్టి చేశాం. మా బడి నుంచి పెద్ద టీచరమ్మ, ఇంకో ఇద్దరు వచ్చారు. పెద్దావిడ కళ్లు ఒత్తుకుంటూ అత్త ఎంత గొప్ప మనిషో నాకే చెప్పింది. ఆమె అత్తను ఎన్నడూ చూసింది లేదు. ఎండన పడి వచ్చారు కదా అని తమ్ముడు పళ్లెంలో గ్లాసులు పెట్టి నీళ్లు తెచ్చాడు. "ఇప్పుడే తాగొచ్చాం బాబూ" అంది ఒకామె. "దాహం లేదు" అంది ఇంకొకామె. పెద్దావిడ చేత్తో వద్దని సైగ చేసి, పెదాలు తడుపుకుంటూ అత్త మంచితనం గురించి చెబుతూనే ఉంది. ఇన్నేళ్లుగా ఒకే గదిలో కూర్చుంటున్న మనుషులు. నాకు నోటినిండా ఉమ్మి ఊరింది. శవం లేచిన ఇల్లు కదా అని మింగాను. అత్త ఉంటే మింగేది కాదు.

వాళ్లు వెళ్లిపోయారు. తమ్ముడు ఆ పళ్లాన్ని పిట్టగోడ మీద పెట్టి లోపలికి పోయాడు. గని వైపు నుంచి గాలి తిరిగింది. అంచుల దాకా నింపిన గ్లాసులు ఎక్కడివక్కడే ఉన్నాయి, నీళ్ల మీద సన్నగా బొగ్గు దుమ్ము పరుచుకుంటోంది.