సూదక్క పేరు మీద రక్తం

మా ల్యాబులో ఆవిణ్ణి అందరూ సూదక్క అనేవాళ్ళు. పంతొమ్మిదేళ్ళు రక్తం తీసింది. పేర్లు, వయసులు కంప్యూటర్లో కొట్టి, ట్యూబులకి అంటించే స్టిక్కర్లు ఇచ్చేది నేను. నరం దొరకని వాళ్ళని, సూది చూస్తే కళ్ళు తిరిగే వాళ్ళని ఆవిడ కుర్చీకే పంపేదాన్ని. మాటల్లో పెట్టి తీసేసేది. “అప్పుడే అయిపోయిందా?” అని వాళ్ళే ఆశ్చర్యపోయేవాళ్ళు.

నలభై దాటిన ఆడవాళ్ళకి మాత్రం సూదితోపాటు చీవాట్లు కూడా పడేవి. “నెలసరి అటూ ఇటూ అవుతోందా? వయసు మీదకి తోసెయ్యకు తల్లీ. రక్తం ఎంతుందో, థైరాయిడ్ ఎలా ఉందో చూపించుకో. మరీ ఎక్కువ పోతుంటే స్కానింగ్ తీయించుకో.” ఎంత చక్కగా చెప్పేదో! పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. ఈ చెట్టు తన తెగులుకే పనికిరాలేదు.

నలభై దాటిన ఆడ సిబ్బందికి ఏడాదికోసారి పరీక్షలన్నీ ఉచితమని మా ఓనరు గోడకి కాగితం అంటించాడు. రక్తం, షుగర్, థైరాయిడ్, హార్మోన్లు, అన్నీ. మొదటి ఏడాది అక్క ఇంటి నుంచి ట్యూబులో అత్తగారి రక్తం తెచ్చింది. “పాపం, ముసలావిడ. నా పేరు మీద పంపెయ్యి” అంది. స్టిక్కర్ ఇచ్చాను. రెండో ఏడాది నుంచి వాళ్ళాయన రక్తం. ఆయన వ్యాను నడుపుతాడు. “ఊరికే వచ్చేదాన్ని వదులుకుంటామా? నీకేం, గుండ్రాయిలా ఉన్నావు” అన్నాడట. అక్క ఆ మాట నవ్వుతూ చెప్పింది. నేనూ నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

అలా నాలుగేళ్ళు. కంప్యూటర్లో ఆవిడ పేరు, ఆవిడ వయసు, మొగుడి రక్తం.

నలభై ఏడో ఏట గుండ్రాయి అరగడం మొదలైంది. ఉన్నట్టుండి ఒళ్ళంతా సెగలు, చెమటలు. గ్లవ్స్ ఉంటాయి కాబట్టి మోచేత్తో నుదురు తుడుచుకునేది. నెలలో పదిహేను రోజులు నెత్తురు పోతూనే ఉండేది. నల్ల బట్టలే వేసుకొచ్చేది. లేచినప్పుడల్లా కుర్చీ వైపోసారి, నా వైపోసారి చూసేది. మరకేం లేదని నేను తలూపేదాన్ని.

నేను పోరగా పోరగా డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆ డాక్టరమ్మ పాత రిపోర్టు తిరగేసి, “రక్తం పద్నాలుగున్నర ఉందమ్మా, హార్మోన్లూ బాగున్నాయి. ఈ వయసులో కొన్నాళ్ళు ఇలాగే ఉంటుంది. షుగర్ మాత్రం జాగ్రత్త” అని మందులు రాసిచ్చింది. ఆ హార్మోన్లు మీసాలున్న మనిషివి. షుగర్ బిళ్ళలు తీసుకెళ్ళి ఆ మీసాలాయనకే ఇచ్చింది అక్క.

“నిజం చెప్పేసి రాకపోయావా?” అని తిట్టాను.

“చెప్తే నా ఉద్యోగం పోతుంది. స్టిక్కర్లిచ్చావు కాబట్టి నీదీ పోతుంది” అంది.

అక్కడితో పోరడం మానేశాను. ఆవిడ కోసం కాదు, నా కోసమే. ఒప్పుకుంటున్నాను.

ఇంకో ఏడు నెలలు గడిచాయి. ఒక పొద్దున ఎవరికో రక్తం తీస్తూ, ముందు సూది బయటికి లాగి, దూది అదిమి, “గట్టిగా పట్టుకోమ్మా” అని చెప్పి, అప్పుడు పడిపోయింది. అంత పద్ధతి గల మనిషి.

బల్ల మీద పడుకోబెట్టి, ఇంకో టెక్నీషియన్ చేత రక్తం తీయించాం. ఆవిడ పేరు మీద ఆవిడ రక్తం వెళ్ళడం అదే మొదటిసారి. రక్తం ఐదు పాయింట్ రెండే ఉంది. పాత రిపోర్టుకీ దీనికీ పొంతన లేదని కంప్యూటర్లో ఎర్ర గీత పడింది. రిపోర్టుల మీద సంతకాలు పెట్టే మా ల్యాబు డాక్టరు బయటికొచ్చి కేకలేశాడు.

“ఇది ఈవిడ రక్తం కాదు. ట్యూబు మారింది. మళ్ళీ తీయండి!”

అక్క నన్నే చూస్తూ, చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఒంట్లో చుక్క లేని మనిషి, రెండో చెయ్యి చాపింది.

“ఇదొక్కటే ఆవిడది సార్” అన్నాను. “పాతవన్నీ ఇంట్లోవాళ్ళవి. స్టిక్కర్లు నేనే ఇచ్చాను.”

ఇద్దరి ఉద్యోగాలూ ఆ రోజే పోయాయి. ఆసుపత్రిలో నాలుగు సంచుల రక్తం ఎక్కించారు. గర్భసంచిలో క్యాన్సర్ అని, అది చుట్టుపక్కలకి పాకిందని తేలింది. ఏడాది ముందొచ్చుంటే ఆపరేషన్‌తో నయమయ్యేదన్నారు.

చూడ్డానికి వెళ్ళాను. అక్క నా మొహంలోకి చూసింది. కోపంగానే.

“నువ్వు చెప్పకుండా ఉండాల్సింది. వచ్చే నెల ఈయన పరీక్షలు చేయించాలి. ఇప్పుడెవరు చేస్తారు?”

మంచం పక్కన స్టూలు మీద వాళ్ళాయన ఫోన్ చూసుకుంటున్నాడు. తలెత్తాడు.

“అదే నేనూ ఆలోచిస్తున్నా” అన్నాడు.