అవ్వ బావిలోకి దిగిన ఆయిల్

నాందేడ్ జిల్లాలో కుండల్‌వాడికి పోయే రోడ్డు మీద, మా ఊరి చివర నాకొక షెడ్డు ఉంది. ట్రాక్టర్లు బాగు చేస్తాను. ఇరవై ఏళ్లుగా అదే బతుకుతెరువు. ఆయిల్ మార్చినప్పుడల్లా ఇంజన్లోంచి నల్లగా దిగే పాత ఆయిల్‌ని షెడ్డు వెనక గుంతలో పోసేవాణ్ని. పార్టులు కడిగిన డీజిల్, బ్యాటరీల్లోంచి ఒంపిన నీళ్లు, గేర్ ఆయిల్, అన్నీ అందులోకే. ఎన్ని బకెట్లు పోసినా ఆ గుంత నిండేది కాదు. నాలుగు రోజుల్లో ఇంకిపోయేది. మంచిదే అనుకున్నాను. ఇంకి ఎక్కడికి పోతోందని ఏనాడూ ఆలోచించలేదు.

గుంతకు ముప్పై అడుగుల దూరంలో అవ్వ బావి. ఆమె నాకు చుట్టం కాదు, పక్క చేను మనిషి. అరవై దాటాయి. భర్త పోయాక ఆ అరెకరంలోనే పాలకూర, మెంతికూర, కొత్తిమీర వేసి, వారం సంతలో అమ్ముకుంటూ ఎవరి ముందూ చెయ్యి చాపకుండా బతికింది. నేను షెడ్డు పెట్టిన కొత్తలో నాకు కరెంటు కనెక్షన్ రాలేదు. రెండు నెలలు తన మోటరు డబ్బాలోంచే తీగ లాక్కోనిచ్చింది. నా మొదటి వెల్డింగు ఆమె కరెంటుతోనే చేశాను.

మూడేళ్ల కింద ఒక పొద్దున ఆమె చెంబెడు నీళ్లు తెచ్చి నా పని బల్ల మీద పెట్టింది.

"బిడ్డా, జర గివి చూడు. నీళ్ల మీద రంగులు తేల్తున్నయ్. మెంతికూర ఆకులు మాడిపోతున్నయ్. మొన్న సంతల ఒకామె కట్ట వాసన జూసి వాపస్ ఇచ్చింది."

నేను చెంబు దగ్గరికి వంగానో లేదో నాకు తెలిసిపోయింది. రోజూ నా చేతులకూ బట్టలకూ ఉండే వాసనే అది. "అవ్వా, అది నా గుంతదే" అంటే సరిపోయేది. అప్పుడు షెడ్డు ముందు ఇద్దరు రైతులు కూర్చుని ఉన్నారు. ఊరంతా తెలిస్తే ఏమవుతుందోనని భయం వేసింది. నా నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"నీ మోటర్ల ఆయిల్ లీకైతుందవ్వా. సీలు పోయినట్టుంది. రేపు నేనే తీసి జేస్త తియ్."

ఆమె మోటరులో ఆయిలే ఉండదు. అది నీళ్లు నింపి నడిపే రకం. ఆ సంగతి నాకు తెలుసు, ఆమెకు తెలియదు.

మర్నాడు తాడు కట్టి మోటరు పైకి లాగాను. విప్పి, తుడిచి, బాగానే ఉన్న సీలు తీసేసి కొత్తది వేశాను. పాతది ఆమె చేతిలో పెట్టి "ఇగో, ఇదే" అన్నాను. ఆమె ఆ రబ్బరు ముక్కను అటూ ఇటూ తిప్పి చూసింది. "గింత ముక్క నా పంటంత ఆగం జేసెనా!" అంది. నేను పైసలు తీసుకోలేదు. సాయంత్రం ఆమె మా ఇంటికి ఒడి నిండా పాలకూర తెచ్చి, నా తల మీద చెయ్యి పెట్టి "నీ కడుపు సల్లగుండ బిడ్డా" అని దీవించి పోయింది.

నా భార్యకు గుంత సంగతి తెలుసు. "ముసలామెకు గట్ల అబద్ధం ఎట్ల చెప్పబుద్ధైంది?" అంది. నోరు మూసుకొమ్మన్నాను. ఆ కూర ఆమె వండలేదు. బర్రెకు కూడా వెయ్యలేదు. తీసుకుపోయి పెంటకుప్ప మీద పారేసింది.

ఆ వారమే గుంత పూడ్చేశాను. పూడిస్తే ఏమవుతుంది, దిగింది దిగనే దిగింది. వానలు పడ్డాక ఇంకా ఎక్కువైంది. నీళ్లు తోడితే బొక్కెనకు జిడ్డు అంటుకునేది. అవ్వ రెండు సార్లు విత్తనాలు వేసింది, రెండు సార్లూ పోయాయి. మూడోసారి వెయ్యలేదు. ఆ వయసులో పరాయి చేలల్లో పత్తి ఏరడానికి పోయింది.

నేను పాత ఆయిల్‌ని డ్రమ్ముల్లో పట్టడం మొదలుపెట్టాను. ఊరి చెత్త ఎత్తుకుపోయే ఘంటాగాడీ ఆపి అడిగితే డ్రైవరు "హే నాహీ చాలత్, భావు" అని, ఇది కుదరదని మరాఠీలో చెప్పి బండి కదిలించాడు. నాందేడ్ పోయి ఒక ఆఫీసులో అడిగాను. లైసెన్సు ఉన్నవాళ్లకే ఇవ్వాలని చెప్పి ఫోన్ నంబరు ఇచ్చారు. ఆ నంబరువాళ్లు లారీ నిండేంత ఉంటేనే వస్తామన్నారు. చివరికి పాత సామాను కొనే భంగార్ బండివాడు ఒకడు వచ్చాడు. వాడికి ఒక డ్రమ్ము ఎత్తి ఇచ్చాక, ఎక్కడికి తీసుకుపోతావని అడిగాను.

"భట్టీవాలే జలాతే. బచా సో నాలేమే," అన్నాడు వాడు, అదొక అడగాల్సిన మాటా అన్నట్టు. ఇటుక బట్టీల్లో కాలుస్తారట, మిగిలింది వాగులో పోస్తారట. రెండో డ్రమ్ము ఇవ్వలేదు. ఇప్పుడు షెడ్డులో అయిదు డ్రమ్ములున్నాయి.

పోయిన ఎండాకాలం అవ్వ జీపు కోసం నా షెడ్డు నీడలో నిలబడింది. ఇంక మోయలేక మొత్తం చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"ఆయిల్ పోసినవంటే ఎర్కలేక పోసినవ్. అందరు గట్లనే పోస్తరు," అంది. "మరి మోటర్ ఎందుకు తీసినవ్? ఆ రబ్బరు ముక్క నా చేతుల ఎందుకు వెట్టినవ్?"

ఆమె కింద పెట్టిన సంచి చంకకు ఎత్తుకుంది.

"నెత్తి మీద చెయ్యి వెట్టి దీవిస్తి గదరా నిన్ను," అంది.

జీపు వచ్చింది. ఎక్కి పోయింది.

ఇప్పుడామె వేరే ఊరి కూరగాయలు టోకుగా తెచ్చి సంతలో అమ్ముతోంది. నా భార్య పోతే మాట్లాడుతుంది, కొసరు కూడా వేస్తుంది. నేను పోతే పక్కనున్న మనిషితో బేరం మొదలుపెడుతుంది. ఆమె బావిలో జిడ్డు నీళ్లూ మట్టీ నా ఖర్చుతో తోడిస్తానని భార్యతో చెప్పి పంపాను. వద్దంది.

మొన్న నాలాంటి ఇంకో మెకానిక్ దగ్గరికి పోయి, ఆయిల్ నేల మీద పొయ్యకు, డ్రమ్ముల్లో పెట్టు, నేను చేసింది నువ్వు చెయ్యకు అని చెప్పాను.

"నా షెడ్డెన్క బావి లేదన్నా. నాకేం ఫికర్?" అన్నాడు.

అతని షెడ్డు వెనక వాగు ఉంది. వానలు పడితే పోయి గోదావరిలో కలుస్తుంది. ఆ మాటా చెప్పాను. అతను నవ్వి, పాత ఆయిల్ నిండిన ట్రే రెండు చేతులతో ఎత్తుకుని, తొణకకుండా చూసుకుంటూ షెడ్డు వెనక్కి నడిచాడు.